పాత కాణీకి ఎంతొస్తుంది?



నాణేల పిచ్చి ఉన్నవాడని ఒకసారి పేరు పడ్డాక పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా ఒక ప్రశ్న తప్పదు. "మా నాయనమ్మ పెట్టెలో పాత కాణీలు దొరికాయండీ, ఏమైనా వస్తుందా?" అంటారు. అడిగేవాళ్ళ గొంతులో బోలెడు ఆశ ఉంటుంది. ఎక్కడో వీడియో చూసి ఉంటారు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళ మీ దగ్గరుంటే పది లక్షలని, 1985 నాటి రూపాయి మీద హెచ్ అనే అక్షరం ఉంటే రెండున్నర లక్షలని అందులో చెబుతారు. వైష్ణోదేవి ఆలయ బోర్డుకు పాతికేళ్ళు నిండాయని ఐదు రూపాయలవి, పది రూపాయలవి బిళ్ళలు వేశారు. వాటి మీద సంవత్సరం 2012 అని ఉంటుంది. కిరాణా కొట్టు చిల్లరలో అవి ఇప్పటికీ తగులుతుంటాయి. ఇక ఆ హెచ్ సంగతి. 1985లో చిల్లరకు కటకట వచ్చింది. మన టంకశాలలు చాలక ప్రభుత్వం బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో కూడా రూపాయి బిళ్ళలు వేయించింది. అక్కడి హీటన్ టంకశాల పెట్టుకున్న గుర్తే ఆ హెచ్. కొరత తీర్చడానికి ఓడల్లో తెప్పించిన సరుకు అరుదైనది ఎట్లా అవుతుంది చెప్పండి!

అసలు చట్టం లెక్కన చూస్తే ఇంకో తమాషా ఉంది. పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అణాలు, కాణీలు ఎప్పుడో పోయాయి. అంటే ఆ పెట్టెలోని కాణీకి మీద రాసిన విలువ ఇవాళ సున్నా. ఎవరైనా దానికి ఐదు రూపాయలిచ్చినా ఎక్కువ ఇచ్చినట్టే. కాబట్టి ఎక్కువ వస్తుందా అని కాదు, ఎంత ఎక్కువ వస్తుంది, దేనివల్ల వస్తుంది అన్నదే చూడాలి.

ముందు ఆ పెట్టెల్లో సాధారణంగా ఏముంటాయో చెబుతాను. నడుమ చిల్లున్న కాణీలు, అంచు వంకులు తిరిగిన అణాలు, నలుపలకల బేడలు, 1950 నుంచి వచ్చిన గుర్రం బొమ్మ పైసలు, 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక వేసిన నయాపైసలు, చేతిలో పెడితే బరువే తెలియని అల్యూమినియం పైసలు, తామరపువ్వున్న పసుపు రంగు ఇరవై పైసలు. పదింట తొమ్మిది పెట్టెల్లో ఇంతే. ఇవన్నీ కోట్ల లెక్కన అచ్చయినవి. చెల్లుబాటు పోయినప్పుడు మార్చుకోవడానికి బద్ధకించి జనం డబ్బాల్లో పడేశారు. అట్లా మిగిలిపోయినవి నేటికీ లక్షల్లో ఉంటాయి. చిల్లు కాణీని బజారులో అమ్మబోతే పదుల రూపాయల దగ్గరే మాట ఆగిపోతుంది.

అయినా ఆ చిల్లు కాణీ దగ్గర కాసేపు ఆగుదాం. నాకు అదంటే మోజు. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కాణీలు, అంటే రూపాయికి అరవై నాలుగు. 1942 దాకా వచ్చిన కాణీ నిండు బిళ్ళ, ఐదు గ్రాములకు కాస్త తక్కువ తూగేది. రెండో ప్రపంచ యుద్ధం ముదిరేసరికి రాగికి గిరాకీ పెరిగిపోయింది. తూటాల తొడుగులకూ ఫిరంగి గుండ్లకూ కావలసింది అదే. దాంతో 1943లో కాణీ మధ్యన పెద్ద బెజ్జం కొట్టి, చుట్టూ ఉంగరంలాగా మిగిల్చారు. బరువు రెండు గ్రాముల దగ్గరకు దిగింది. అదే ఏడు అమెరికా వాళ్ళకూ అదే ఇబ్బంది వచ్చింది. వాళ్ళు పెన్నీలో రాగి మానేసి, ఉక్కు మీద జింకు పూత వేసి అచ్చు కొట్టారు. హైదరాబాదు సంస్థానంలో నిజాం టంకశాల కూడా సరిగ్గా ఆ కాలంలోనే, హిజ్రీ 1362 నుంచి, రెండు పైల నాణేన్ని చిల్లుతో వేసింది. మూడు ప్రభుత్వాలు, కరువు మాత్రం ఒకటే. మా పిల్లలకు రెండో ప్రపంచ యుద్ధం గురించి చెప్పవలసి వస్తే నేను ఈ మూడు బిళ్ళలనే చేతిలో పెడతాను. పదుల రూపాయలు చేసే నాణేనికి ఇంతకంటే పెద్ద ఉపయోగం ఏం కావాలి?

అమెరికా పెన్నీ మాట వచ్చింది కాబట్టి విలువ ఎక్కణ్ణించి వస్తుందో కూడా దానితోనే చెప్పవచ్చు. 1943లో ఉక్కు బిళ్ళలు కోట్లకొద్దీ వచ్చాయి. వాటికి ఇవాళ పెద్దగా ధర లేదు. అయితే అంతకు ముందు ఏడాది మిగిలిన కంచు బిళ్ళలు కొన్ని యంత్రంలో ఇరుక్కుని, వాటి మీద కూడా 1943 అచ్చు పడింది. అట్లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే బయటపడ్డాయి. వాటిలో కొన్ని లక్షల డాలర్లు పలికాయి. ఇంకేముంది, మోసగాళ్ళు ఉక్కు పెన్నీకి రాగి పూత పూశారు. 1948 పెన్నీలో ఎనిమిది అంకెను ఒక పక్క గీకి మూడు చేశారు. పూత పూసినదాన్ని పట్టుకోవడానికి అయస్కాంతం చాలు, లోపల ఉక్కు ఉంటే అతుక్కుంటుంది. అంకె గీకినదాన్ని పట్టుకోవాలంటే భూతద్దం కావాలి. అమెరికాలో ఉన్న మన పిల్లలు పాత పెన్నీల సీసా చూపిస్తే ముందు అయస్కాంతం తీసుకోమనండి.

పాతదైతే చాలు విలువ ఉంటుందనేది మనవాళ్ళలో బలంగా పాతుకుపోయిన నమ్మకం. దీనికి శాతవాహనుల నాణేలే జవాబు. సీసంతోనూ, పోటిన్ అనే మిశ్రమ లోహంతోనూ చేసిన ఆ చిన్న బిళ్ళల మీద ఒక వైపు ఏనుగు, మరో వైపు నాలుగు వలయాల ఉజ్జయిని గుర్తు ఉంటాయి. పద్దెనిమిది వందల ఏళ్ళు దాటినవి. కోటిలింగాలలో, పెద్దబంకూరులో వేలల్లో బయటపడ్డాయి. అరిగిన పోటిన్ బిళ్ళ నాణేల వ్యాపారి దగ్గర కొన్ని వందలకే దొరుకుతుంది. దానికి పక్కన 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి పెట్టండి. దాని వయసు వందేళ్ళు కూడా లేదు. కానీ మార్కెట్టులోకి వచ్చినవి బహు కొద్ది కావడంతో నాణేలవాళ్ళు దానికోసం కొట్టుకుంటారు. అంతకు ముందు ఏడాది 1938 రూపాయి మాత్రం తేలిగ్గా దొరుకుతుంది. కాబట్టి మన దగ్గరా గీకుడు పని జరుగుతుంది, ఎనిమిదిని తొమ్మిది చేస్తారు. 1939 అని ఎవరైనా చూపిస్తే ఆ చివరి అంకె చుట్టూ లోహం మిగతా బిళ్ళంత నున్నగా ఉందా, గీతలేమైనా ఉన్నాయా అని చూడందే నోరు మెదపవద్దు.

అంకె చూడటంలో ఇంకో చిక్కు. విక్టోరియా రాణి రూపాయిల మీద 1862 అని ఉన్నవి ఎక్కువ కనిపిస్తాయి. అవి అన్నీ 1862లో వేసినవి కావు. ఆ సంవత్సరం అంకె మార్చకుండానే 1874 దాకా వేశారు. ఏ ఏడు వేసిందో గుర్తు పెట్టుకోవడానికి అంకెకు పైనా కిందా సన్నటి చుక్కలు చేర్చారు. ఒక వరసలోని చుక్కలున్నవి కుప్పలుగా ఉంటాయి, ఇంకో వరసవి ఏళ్ళు వెతికినా దొరకవు. చూపు ఆనని వయసులో ఈ చుక్కలు లెక్కపెట్టడం ఒక తపస్సు.

స్వతంత్రం వచ్చాక వేసిన నాణేల మీద సంవత్సరం కింద చూడండి. వజ్రం ఆకారం ఉంటే ముంబై, ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు, చిన్న చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది వేసిన ఒకే రకం నాణెం ఒక ఊరిది కోట్లలో ఉండి, ఇంకో ఊరిది తక్కువ రావచ్చు. అందుకే అరుదో కాదో చెప్పే పట్టికల్లో ఏడాది పక్కనే టంకశాల గుర్తు కూడా వేస్తారు. మన హైదరాబాదు టంకశాల 1803లో మూడో నిజాం సికందర్ జా కాలంలో పుట్టింది. 1903లో సైఫాబాద్ చేరింది, ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. సచివాలయం పక్కన మింట్ కాంపౌండ్ అనే పేరు అక్కణ్ణించి వచ్చిందే. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం పెట్టారు.

తెలంగాణ ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది నిజాం రూపాయి, హాలీ సిక్కా. చార్మినార్ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలో నడిమి వాకిలి లోపల ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, అయిన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో. ఆ తొలిరోజుల్లో వేసిన రూపాయిల మీద ఆ అయిన్ సగమే ఉంటుంది, తోక ఉండదు. తర్వాత నిండు అక్షరం చేశారు. ఆ సగం అక్షరం బిళ్ళకు నాణేలవాళ్ళు ఎక్కువ ఇస్తారు. చూడటానికి రెండూ ఒకటే, తేడా గోటి మొన అంత. ఇట్లాంటి తేడాలు తెలిసినవాళ్ళు మీ డబ్బాలోంచి ఒక్కటి మాత్రం ఏరుకుని, "మిగతావి ఉంచుకోండి బాబూ" అంటే అప్పుడు మీరు కాస్త ఆలోచించాలి.

కథ కూడా ధర పెంచుతుంది. 1911లో ఐదో జార్జి బొమ్మతో కొత్త రూపాయి వచ్చింది. రాజుగారి అంగీ మీద వేలాడే హారంలో చిన్న ఏనుగు ఉంది. అచ్చులో దాని తొండం కురచగా పడి పంది ముఖంలాగా కనిపించింది. ముస్లిములు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. దాదాపు 94 లక్షలు అచ్చయితే 7 లక్షలు మాత్రమే బయటికి వెళ్ళాయి. మిగతావాటిని కరగబెట్టారు. 1912లో తొండం సరిచేసి మళ్ళీ వేశారు. పంది రూపాయి అనే పేరు ఆ 1911 బిళ్ళకు స్థిరపడిపోయింది. నిజానికి 7 లక్షలు అంటే తక్కువేం కాదు, వెతికితే దొరుకుతుంది. అయినా అందరికీ ఆ కథ తెలుసు, అందరికీ ఒకటి కావాలి, అందుకని ధర దిగదు. ఇందులో నాకు తప్పేమీ కనపడదు. కొనేవాడు కథకు కూడా డబ్బు ఇస్తున్నాడు.

వెండి రూపాయిల విషయంలో మాత్రం ఒక కనీస ధర ఉంటుంది, అది లోహం ధర. విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు. అందులో వెండి వందకు దాదాపు 92 పాళ్ళు, అంటే 10.7 గ్రాముల దాకా. 1940లో వెండి పాలు సగానికి తగ్గించారు. 1947లో వెండి పూర్తిగా మానేసి నికెల్ రూపాయి వేశారు. రెండూ చేతికి ఒకే బరువుగా ఉంటాయి, రంగు కూడా దగ్గరగా ఉంటుంది. కానీ నికెల్‌ది అయస్కాంతానికి అంటుకుంటుంది. వెండిది అంటుకోదు. ఎంత అరిగినా, ఎంత మామూలుదైనా వెండి రూపాయిని వెండి ధర కంటే తక్కువకు ఇవ్వకండి. రాగి కాణీల విషయంలో లోహం లెక్క కుదరదు. కంపెనీ కాలం నాటి బరువైన కాణీలు కూడా కిలోకు నూట యాభై పైచిలుకు తూగుతాయి.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట. దయచేసి తోమకండి.

మన ఇళ్ళలో రాగి వస్తువు నల్లబడితే చింతపండు తీసుకుంటారు. దేవుడి గదిలో పంచపాత్రకు అది మంచిదే. నాణేనికి మాత్రం అదే ముప్పు. నూరేళ్ళలో రాగి మీద పట్టిన గోధుమ రంగు పొర లోహాన్ని కాపాడుతుంది, ఆ నాణెం ఎవరూ ముట్టని పాతదని చెబుతుంది. చింతపండు పులుపు ఆ పొరను తినేస్తుంది. అడుగున ఎర్రగా, పచ్చిగా రాగి బయటపడుతుంది. ఇంటివాళ్ళకు అది తళతళగా కనిపిస్తుంది. నాణేల వ్యాపారి చూడగానే పక్కన పెట్టేస్తాడు. వెండి బిళ్ళను విభూదితో, పళ్ళపొడితో రుద్దినా అంతే. భూతద్దంలో వెంట్రుకవాసి గీతలు ఒకే దిక్కుకు పోతూ కనిపిస్తాయి. మంచి స్థితిలో ఉన్న నాణేనికీ, తోమిన నాణేనికీ ధరలో సగానికి పైగా తేడా రావడం మామూలు. కుంకుమ, పసుపు అంటుకుంటే మంచినీళ్ళలో ముంచి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి. రుద్దకండి. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి.

స్థితి చూడటం కొత్తవాళ్ళకూ సులువే. నాణెం మీద ఎత్తుగా ఉండే భాగాలు ముందు అరుగుతాయి. విక్టోరియా జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయా, చెవి పైన అంతా ఒక ముద్దయిపోకుండా ఉందా? జార్జి కిరీటం మీది రాళ్ళు లెక్కపెట్టగలిగేలా ఉన్నాయా? వీటికి అవునంటే మంచి నాణెం. సంవత్సరం చదవడానికే కళ్ళు చికిలించాల్సి వస్తే చాలా సందర్భాల్లో అది పిల్లలు ఆడుకోవడానికే. ఇక దండలో కట్టడానికి కొక్కెం అతికించిన రూపాయిలు ఉంటాయి. లంబాడీ ఆడవాళ్ళ నగల్లో, మన కోస్తా ఇళ్ళ పాత హారాల్లో చూస్తాం. నగగా వాటి అందం వేరు. నాణెంగా మాత్రం ఆ అతుకు మచ్చ పోదు. అట్లాంటివి విడదీసి అమ్మడం కంటే హారంగానే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

నకిలీల్లో నన్ను బాగా నవ్వించేది రామపట్టాభిషేకం బిళ్ళ. ఒక వైపు సీతారాములు, హనుమంతుడు, ఇంకో వైపు ఈస్టిండియా కంపెనీ, 1616, 1717, 1818 లాంటి ఏదో ఒక సంవత్సరం, అర్ధణా అనో అణా అనో ఉంటుంది. కంపెనీ అట్లాంటి అణా ఎన్నడూ వేయలేదు. అవి పుణ్యక్షేత్రాల దగ్గర అమ్మడానికి చేసిన బిళ్ళలు. పూజలో పెట్టుకోండి, తప్పులేదు. లక్షలు వస్తాయని మాత్రం ఎదురుచూడకండి. అసలైన కంపెనీ కాణీ కావాలంటే 1835 నాటిది చూడండి, ఆ ఏడాది చట్టంతోనే కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రకం నాణేలు వచ్చాయి. ఆ కాణీ కూడా బోలెడు దొరుకుతుంది, బేరం ఆడండి.

నవ్వు రాని మోసం ఇంకొకటి ఉంది. రైస్ పుల్లింగ్ అని మన రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లలో వార్తలు చదువుతూనే ఉంటాం. బియ్యపు గింజలను లాక్కునే రాగి నాణెం ఉందని, అందులో ఇరీడియం ఉందని, విదేశీయులు కోట్లు ఇస్తారని నమ్మబలికి పరీక్షల ఖర్చు కింద లక్షలు గుంజుతారు. బియ్యాన్ని లాగే నాణెం ఏ టంకశాలా వేయలేదు. పొలాలు అమ్ముకుని మరీ మోసపోయినవాళ్ళు ఉన్నారు.

ఫోనులో వచ్చేవాళ్ళది ఇంకో దారి. "మీ నాణెం ఫోటో పంపండి" అంటారు. పంపగానే పదిహేను లక్షలు ఖాయం చేస్తారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, కొరియర్ ఇన్సూరెన్స్ అని ఒక్కొక్కటే మొదలుపెడతారు. రిజర్వ్ బ్యాంకు ముద్ర వేసిన ఉత్తరం కూడా పంపుతారు. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో స్వయంగా ప్రకటన చేసింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, తన పేరుతో కమీషన్ గానీ పన్ను గానీ వసూలు చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదని అందులో చెప్పింది. నిజంగా నాణెం కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు. ఇంకో సంగతి. ఇంటర్నెట్టులో ఎవరో ఐదు లక్షలు అని ధర పెట్టినంత మాత్రాన అది ధర కాదు, అది వాళ్ళ కోరిక. వేలంపాటలో నిజంగా ఎంతకు పోయిందో చూడండి. వ్యాపారి అంతకంటే తక్కువే ఇస్తాడు, అతను మళ్ళీ అమ్ముకోవాలి కదా. ఇద్దరు ముగ్గురికి చూపించాకే ఇవ్వండి.

చట్టం గురించి రెండు మాటలు. ఇల్లు కట్టడానికి పునాది తవ్వుతుంటే నాణేల కుండ దొరికిందనుకోండి, అది నేరుగా మీ సొత్తు అయిపోదు. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్ళు దాటిన నాణేన్ని చట్టం పురావస్తువుగా లెక్కిస్తుంది. దాన్ని సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు. డల్లాసులో ఉన్న మనవడికి ముత్తాత గారి విక్టోరియా రూపాయి సూట్‌కేసులో పెట్టి పంపే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మీ పెట్టెలోవి ఏవో తేల్చుకోవాలని ఉంటే, అమ్మే ఆలోచన పక్కన పెట్టి ఒకరోజు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్ళండి. నాణేల గదిలో శాతవాహనుల నుంచి నిజాముల దాకా వరసగా ఉన్నాయి. మీ దగ్గర ఉన్నది ఏ రకమో పోల్చుకోవచ్చు. కాగితపు కవర్లలో ఒక్కొక్కటి విడిగా పెట్టి, పైన సంవత్సరం, టంకశాల గుర్తు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రాసుకోండి. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకండి, కొన్నాళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది. ఎవరైనా నాణెం పేరు చెప్పి ముందుగా డబ్బు కట్టమంటే కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ కేంద్రానికి, 1930 నంబరుకు, ఫోన్ చేయండి.